మీ మనిషి క్షేమంగా మా దగ్గరే ఉన్నాడు

ఆ నగరం పేరు నేను చెప్పను. చెప్పానంటే వాళ్ళు మళ్ళీ నన్ను కాపాడతారు. ఒక్కసారి కాపాడించుకున్నవాడికే తెలుస్తుంది ఆ బాధేమిటో.

నా పేరు ముమ్మిడి తాతారావు. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం. మొన్న శ్రావణంలో మా అక్క కూతురి పెళ్ళి ఆ నగరంలో పెట్టుకున్నారు. పిల్ల పేరు వైజయంతి. ఆ బుగ్గలు చూసి నేను పెట్టుకున్న పేరు మాత్రం బూరెమ్మ. చిన్నప్పుడు దాన్ని గంపలో కూర్చోబెట్టి, నెత్తిన పెట్టుకుని గెలల మార్కెట్టంతా తిప్పేవాణ్ణి. అది పైనుంచి "గెల పది, గెల పది" అని కేకలేసేది, నా సరుక్కి అదే ధర కట్టేసి నా కొంప తీసేది. మా వైపు పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో మోసుకొచ్చి పీటల మీద దింపాలి. ఊరందరికీ అది ఆచారం. నాకు మాత్రం ప్రాణం, దాచుకోవడం ఎందుకు?

మా బావ విశ్వనాథానికి ఆ గంప గిట్టదు. ఉగాది వెళ్ళాక బదిలీ మీద ఆ నగరం చేరాడు. చేరిన మర్నాటి నుంచీ మేమందరం ఆయన కంటికి పల్లెటూరి బైతులం అయిపోయాం. గంపేమిట్రా నీ మొహం, ఇక్కడ పూలబండి ఉంటుంది, రంగు లైట్లు, కింద చక్రాలు, మీట నొక్కితే పొగలోంచి పిల్ల తనంతట తనే పీటల దగ్గరికి వచ్చేస్తుంది అన్నాడు. పిల్ల ససేమిరా అంది. చివరికి తండ్రీ కూతుళ్ళ మధ్య కుదిరిన రాజీ ఏమిటంటే, ముహూర్తం వేళకి నేను గంపతో అక్కడుంటే గంప, లేకపోతే పూలబండి. "నువ్వు టైముకొచ్చిన రోజుందట్రా తాతారావూ?" అని ఫోనులో బావ ఒకటే ఎగతాళి.

శ్రావణంలో అరటి వ్యాపారికి ఊపిరాడదు. మా ఆవిణ్ణీ పిల్లల్నీ ముందే కారులో పంపేసి, నేను ఆఖరి నిమిషంలో రైలెక్కాను. ఒక చేత కొత్తగా అల్లించిన వెదురు గంప, భుజాన చక్కెరకేళి గెల. తెల్లారేసరికి దిగాను. ముహూర్తం పదకొండు దాటాక. కల్యాణ మండపం స్టేషనుకి రెండు కిలోమీటర్లు. ఎద్దుబండి మీద వెళ్ళినా స్నానం చేసి, ఇడ్లీ తిని, కునుకు తియ్యచ్చు.

ప్లాట్‌ఫారం చివర ఒకమ్మాయి చేతులు జోడించి, నగరానికి కొత్తా అండీ అని అడిగింది. ఆయ్, కొత్తేనమ్మా అన్నాను. అంతే. నా జీవితంలో నిజం చెప్పి అంత నష్టపోయింది మళ్ళీ లేదు.

సంగతేమిటంటే, అంతకు ముందెప్పుడో పై దేశం పెద్దమనిషి భార్య ఒకావిడ ఆ నగరం చూడ్డానికొచ్చి గుడి బయట చెప్పులు పోగొట్టుకుంది. పేపర్లలో వేశారు. నగరం పరువు పోయింది. చెప్పుల్ని వెతకడానికి ఎవర్నీ వెయ్యలేదు గానీ, పరువు వెతకడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ చాలా లోతుగా వెళ్ళింది. నగరంలో మోసపోయినవాళ్ళూ, దారి తప్పినవాళ్ళూ, జేబులు కత్తిరించుకున్నవాళ్ళూ అందరూ నగరంలోకి వచ్చినవాళ్ళేనని కనిపెట్టింది. స్టేషను దాటి బయటికి రాని యాత్రికుడికి ఇంతవరకూ ఏ హానీ జరగలేదట. దాంతో యాత్రిక సంరక్షణ సంస్థ పుట్టింది.

ఆ అమ్మాయి నన్ను నేరుగా తీసుకెళ్ళిన సంస్థవారి సురక్షిత ప్రాంగణం అంటే పాత పార్సిలు గోడౌను. దానికి రంగులేసి, వీధి వైపు అద్దాల గోడ కట్టారు. లోపలికి అడుగు పెట్టగానే నా పర్సు, ఫోను, ఉంగరం, మెళ్ళో గొలుసు తీసుకుని సంచిలో వేసి సీలు కొట్టారు. ఇవి ఒంటిమీద ఉంటే దొంగలు తీసుకుంటారట. దొంగ ఏమేం తీసుకుంటాడో అవన్నీ వాళ్ళే ముందు తీసేసుకున్నారు. సామాను ఎప్పుడూ కంటికెదురుగా ఉంచుకోవాలని ఇంకో నియమం. అందుకని గంపనీ గెలనీ ఒక అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, నన్ను దానికెదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు.

అక్కడి అధికారి శరభయ్యగారు. సన్నగా, తెల్ల జుట్టుతో, ఇస్త్రీ నలగని మనిషి. బల్ల వెనక కూర్చుని నన్ను చూసి నవ్వారు గానీ మాట్లాడలేదు. ఆయన తల మీద పెద్ద బోర్డు, అపరిచితులతో మాట్లాడరాదని. నేను ఆయనకి అపరిచితుణ్ణి కదా. మరి ఈ పిల్ల మాట్లాడుతోందేం అని గట్టిగానే అన్నాను. ఆవిడ మర్యాదగా, నేను స్వాగత ఏర్పాటు అండీ, మనిషి కింద లెక్కకి రాను అంది. ఆ తర్వాత ఆవిడే మా ఇద్దరికీ పరిచయం చేసింది. అప్పుడు శరభయ్యగారు నోరు విప్పారు.

"తమరు ప్రస్తుతం అపరిచిత ప్రదేశ ప్రవేశ పూర్వ సంరక్షణలో ఉన్నారు. తమకు ఎట్టి అపాయమూ సంభవించకుండుట మా పూచీ. తమను స్వీకరించు వ్యక్తి అరుదెంచు వరకు విశ్రమించగలరు."

స్వీకరించడానికి నేనేం ప్రసాదాన్ని కాదు, రెండు కిలోమీటర్లు నడిచిపోతానండీ అన్నాను. తెలియని దారిలో నడవరాదని ఇంకో బోర్డు చూపించారు. ఆయన ఓపికగా వివరించిన రూలు ఇదీ. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చేవాడు ఆ నగరంలో ఏడాదికి తక్కువ కాకుండా కాపురం ఉన్నవాడై ఉండాలి. నాకు ఆరు నెలలుగా తెలిసినవాడై ఉండాలి. బంధువైతే ఆ ఆరు నెలలూ అక్కర్లేదు, ఏడాది మాత్రం తప్పదు. ఎవరూ రాకపోతే ఎదురు రైలెక్కించి ఇంటికి పంపేస్తారు. వెనక్కి వెళ్ళడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, ముందుకి వెళ్ళడమే అపాయం.

లోపల గోడలకి నగరమంతా బొమ్మలేశారు. అట్టలతో వీధులు కట్టారు. కోట, బజారు, మ్యూజియం, అన్నీ నడుం ఎత్తున ఉన్నాయి. దాని పేరు నమూనా నగరం. యాత్రికులు అందులో నిర్భయంగా విహరించవచ్చు. ఈ నగరంలో ఇంతవరకూ ఒక్క దొంగతనం జరగలేదని శరభయ్యగారు గర్వంగా చెప్పారు. అందులో విహరిస్తున్నవాడు ఒక్కడే కనిపించాడు. మండపేట డ్రాయింగు మాస్టారు, బ్రహ్మాజీగారు. అసలు మ్యూజియం చూద్దామని వచ్చి, చూడందే వెనక్కి రైలెక్కనని మొండికేసి, తొమ్మిది రోజులుగా అట్ట మ్యూజియం కిటికీలు వంకరగా ఉన్నాయని దిద్దుకుంటూ ఉండిపోయాడు. తెలియనివారు పెట్టినది తినరాదు గనక ఇన్నాళ్ళూ సీలేసిన బిస్కట్ల మీదే బతుకుతున్నాట్ట.

నాకు ఒళ్ళు మండింది. అరిచాను. శరభయ్యగారు ఏమీ అనుకోలేదు. ఇట్టి ఆవేశమునందు తమరు రోడ్డు దాటుట క్షేమకరము కాదు అని నా వెయిటింగ్ ఇంకో అరగంట పొడిగించారు.

ఈలోగా స్వాగతం పిల్ల మా బావకి ఫోను చేసింది. ఏం చెప్పాలో వాళ్ళకి అచ్చేసిన వాక్యం ఉంది. మీ మనిషి క్షేమంగా మా దగ్గరే ఉన్నాడు, తెలిసినవారు ఒక్కరే వచ్చి తీసుకెళ్ళండి, ఆలస్యమైతే పర్యవసానాలకి మీదే బాధ్యత. అటుపక్క మా అక్క నాగరత్నం మొదలు నరికిన చెట్టులా కూలబడిందని తర్వాత చెప్పారు. బావ ఫోను లాక్కుని ఎంత కావాలో చెప్పండి అన్నాట్ట. సంస్థకి విరాళాలు స్వచ్ఛందం అండీ, మీ శక్త్యనుసారం అందిట ఆ పిల్ల.

బావ గంటలో ఊడిపడ్డాడు. పట్టు పంచె, నుదుట బొట్టు. కిడ్నాపు కాదని తెలిసి హమ్మయ్య అనుకున్నాక ఇక మొదలెట్టాడు. మా బావమరిది ఒట్టి వెర్రిబాగులవాడు సార్, నాకు ఈ సిటీ అరచేతిలో గీతల్లా తెలుసు, వదిలెయ్యండి అన్నాడు. శరభయ్యగారు ఎన్నాళ్ళుగా నివాసం అని అడిగారు. బావ దగ్గి, ఉగాది నుంచి అన్నాడు. బావ ఫోను కూడా అప్పటికే సీలు సంచిలోకి వెళ్ళిపోయింది. ఇక్కణ్ణుంచి మీ ఇంటికి దారి చెప్పండి అన్నారు శరభయ్యగారు. బావ ఎప్పుడూ ఫోను చెప్పినట్టు తిరగడమే గానీ దారి చూసిన పాపాన పోలేదు. కుడి వైపు అన్నాడు, ఎడమ వైపు అన్నాడు, చివరికి పట్టుచీర కట్టుకున్నావిడ పెద్ద బొమ్మ ఉంటుంది, అక్కడ తిరగాలి అన్నాడు. ఆ బొమ్మ తీసేసి వారమైందండీ, ఇప్పుడక్కడ సిమెంటు బస్తా బొమ్మ ఉంది అన్నారు శరభయ్యగారు.

నా పక్కన ఇంకో కుర్చీ వేశారు. బావ అందులో కూర్చుని నా మొహం చూడలేదు. అంత సుఖం ఊరికే మాటల్లో పెట్టి పాడుచేసుకోవడం దేనికని ఊరుకున్నాను.

ఆ తర్వాత అక్క వచ్చింది. మా ఆవిడ తనూ వస్తానంటే, పెళ్ళి సామాను గది తాళాలు నీ దగ్గరే ఉండాలి అని ఆపి మరీ వచ్చింది. మొగుడూ తమ్ముడూ ఆకలితో ఉంటారని పులిహోర కారియరు పట్టుకొచ్చింది. తను కూడా ఉగాది తర్వాత వచ్చిన మనిషే గనక మూడో కుర్చీ వేశారు. అయితే తెలిసినావిడ పెట్టింది గనక నేనూ బావా తినచ్చన్నారు. పులిహోర వాసనకి మాస్టారు నమూనా నగరం వదిలేసి వచ్చేశాడు. అక్కయ్యగారూ, మీది ఏ ఊరు అని మొదలెట్టాడు. అక్క పుట్టిల్లు చెప్పింది. ఆయన భార్య పుట్టిల్లు చెప్పాడు. అక్క మా పెద్దత్తయ్య పేరు చెప్పింది, ఆయన వాళ్ళ వియ్యంకుడి పేరు చెప్పాడు. కారియరు మూత తీసేలోపు ఆయన మాకు వేలువిడిచిన మేనమామ కొడుకని తేలిపోయింది. శరభయ్యగారు అంతా విని, బంధుత్వము ధ్రువపడినది, భుజించవచ్చు అన్నారు.

అక్క ఆయన్ని కూడా ఒక ముద్ద తినమంది. శరభయ్యగారు పులిహోర వైపు ఒకసారి చూసి, నేనూ తమకు అపరిచితుణ్ణేనమ్మా అన్నారు.

గడియారం తొమ్మిదిన్నర దాటింది. పూలబండి సిద్ధంగా ఉంటుంది, మీట నొక్కేవాడూ ఉంటాడు. పొగలోంచి నా పిల్ల నేను లేకుండా వెళ్ళి కూర్చుంటుంది. వ్యాపారంలో లోడు లోడంతా కుళ్ళిపోయినప్పుడు కూడా నేను కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. అద్దాల బీరువాలో ఆ ఖాళీ గంపని చూస్తూ అప్పుడు పెట్టుకున్నాను. బావ చూశాడు. పైపంచె కొస నా చేతికిచ్చాడు.

అప్పుడే వీధి తలుపు దగ్గర గోల వినిపించింది. బూరెమ్మ. నిండు పెళ్ళికూతురు ముస్తాబు, నుదుట కల్యాణం బొట్టు, బుగ్గన చుక్క, చేతిలో కొబ్బరిబోండం. వెనకాలే పురోహితుడు. మధ్యాహ్నం ఇంకో పెళ్ళి ఒప్పుకున్నాట్ట, పెళ్ళికూతురు ఎటు వెళ్తే తనూ అటే వెళ్ళక తప్పదని ఆటోలో కూడా ఎక్కేశాడు. మామయ్య లేనిదే పీటల మీద కూర్చోనని చెప్పి వచ్చేశాను అంది బూరెమ్మ. ఆ మాటకి నేను ఏడవాలో నవ్వాలో తేల్చుకునేలోపు దానికి నాలుగో కుర్చీ వేశారు. పురోహితుడు ఆ నగరంలోనే పుట్టినవాడు. కానీ మాకు తెలిసింది నిన్నటి నుంచి.

పెళ్ళికూతురు లేని మండపంలో మగపెళ్ళివారు మాత్రం ఏం చేస్తారు? వాళ్ళూ బయల్దేరి వచ్చారు. పెళ్ళికొడుకు ప్రద్యుమ్న, అతని తల్లిదండ్రులు, బాజాభజంత్రీలు, మీట నొక్కేవాడితో సహా. మేమెవరమూ ఎరగని జనం గనక వాళ్ళందర్నీ అద్దాల గోడ అవతలే ఆపేశారు. పెళ్ళికొడుకుని ఒక్కణ్ణీ లోపలికి పిలిచారు. మూడు తరాలుగా ఆ నగరం వాళ్ళు. సందు గొందులన్నీ గడగడా చెప్పేశాడు. శరభయ్యగారి మొహం వెలిగింది. ఇంతటి పరిచితుణ్ణి ఈ మధ్య చూడలేదన్నారు. కలం మూత తీసి, ఆయన మా బావ వైపు తిరిగారు.

ఈ అబ్బాయి మీకు ఎన్నాళ్ళుగా తెలుసు అని అడిగారు. సంబంధం కుదిరి రెండు నెలలైందన్నాడు బావ. ఎన్నిసార్లు చూశారన్నారు. మూడుసార్లు, నిశ్చితార్థంతో కలిపి. అమ్మాయి ఎన్నిసార్లు మాట్లాడింది? ఫోనులో మాట్లాడుకున్నారండీ. ఇతను మంచివాడని ఏ విచారణ మీద నిర్ధారించారు? జాతకాలు కలిశాయి, వాళ్ళ పెదనాన్నగారు పెద్దమనిషి, ఉద్యోగం ఉంది, చూడ్డానికి బావున్నాడు అని నసిగాడు బావ. శరభయ్యగారు కలం మూత పెట్టేశారు.

"క్షమించాలి. ఇంత స్వల్ప పరిచయము గల వ్యక్తి వెంట ఈ అమ్మాయిని రెండు కిలోమీటర్ల దూరము ఆటోలో పంపుటకు నేను అనుమతించలేను."

"ఆటోలో కాదు మహాప్రభో, జీవితాంతం పంపించడానికే తీసుకొచ్చాం" అన్నాడు మా బావ.

"జీవితాంతము పంపుట మా శాఖ పరిధిలోనికి రాదండీ. అది తమ ఇష్టం. ఆటోలో పంపుటకు మాత్రమే నాది బాధ్యత."

అక్క కూతురి వైపు చూసింది. కూతురు పెళ్ళికొడుకు వైపు చూసింది. అతను పాపం చెమటలు తుడుచుకున్నాడు. రెండు నెలల్నుంచీ ఎవరూ అడగని ప్రశ్నలు అవన్నీ. గోడౌను గుమాస్తా అడగాల్సి వచ్చింది.

నాకే ముందు తట్టింది. అరటి వ్యాపారంలో కాటా దగ్గర ఇరవై ఏళ్ళు మాటలు నేర్చినవాణ్ణి. శరభయ్యగారూ, బంధువైతే ఆరు నెలలు అక్కర్లేదన్నారు కదా అన్నాను. ఔనన్నారు. అల్లుడు బంధువే కదా? నిస్సందేహముగా. అయితే ఇక్కడే ఇప్పుడే పెళ్ళి చేసేస్తాం, అల్లుడై మమ్మల్నందర్నీ తీసుకెళ్తాడు, మీ పుస్తకంలో పెళ్ళి చేసుకోరాదని ఉందా అన్నాను. ఆయన చాలాసేపు వెతికారు. యాత్రికులు విహారము, విశ్రాంతి, వినోదము పొందవచ్చునని ఉంది. పెళ్ళి వినోదమా అని పురోహితుణ్ణి అడిగారు. ఒకరికి కాకపోతే ఒకరికి అన్నాడాయన, ముహూర్తం దగ్గర పడుతోందని తొందరపడుతూ.

నమూనా నగరంలో అట్ట బజారు పక్కకి జరిపి, మా ఆవిడ మగపెళ్ళివారి చేత పంపిన పెళ్ళి సామాను లోపలికి అందుకుని పీటలు వేశారు. అక్క పట్టుచీర కొంగు అడ్డుతెర అయింది. హోమం దగ్గర, బకెట్టుతో ఇసక పట్టుకుని ఒక మనిషి నిలబడాలని శరభయ్యగారి షరతు. మాస్టారు నిలబడ్డాడు. మగపెళ్ళివారు అద్దం అవతల్నుంచే చూశారు. బాజాలు వాళ్ళు అక్కడే వాయించారు.

ఇక గంప. బీరువా తాళం తీశారు గానీ, శరభయ్యగారికి మళ్ళీ అనుమానం వచ్చింది. ఇందులో మనిషిని రవాణా చేస్తారా అని అడిగారు. అది మా ఆచారం అన్నాను. ఎరుగుదునండీ, మా ఇంట్లోనూ ఉంది, కాని రూలులో వాహనముల పట్టికలో గంప లేదు అన్నారు. దూరం ఎంత అన్నారు. పదడుగులు అన్నాను. ఆలోచించి, శిరస్త్రాణము ధరించినచో అభ్యంతరము లేదన్నారు. స్వాగతం పిల్ల తన స్కూటర్ హెల్మెట్ తెచ్చింది. మల్లెపూల జడ మీద, బాసికం పైన, నల్ల హెల్మెట్. బూరెమ్మ నవ్వి నవ్వి గంపలో కూలబడింది.

ఎత్తాను. చెప్పొద్దూ, బరువే. పాతికేళ్ళ పిల్ల, పట్టుచీర, కొబ్బరిబోండం, హెల్మెట్. బావ లేచొచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. వద్దు బావగారూ, నేను మోస్తాను అన్నాను. పట్టుకోనీరా అన్నాడు. గంప నా మొహం దాకా లేచినప్పుడు హెల్మెట్ లోంచి చిన్నగా "గెల పది, గెల పది" అని వినిపించింది. ఆ తర్వాత పదడుగులూ నాకు కళ్ళు కనిపించలేదు. ఎటు నడిచానో బావే చెప్పాలి, దారి తెలిసినవాడు.

జీలకర్ర బెల్లం వేళకి హెల్మెట్ తీయించారు. తాళి పడింది. బయట మగపెళ్ళివారు వేసిన అక్షింతలు అద్దానికి తగిలి రాలిపడ్డాయి. పెళ్ళి భోజనం కింద చక్కెరకేళి గెల కోసి పంచాను.

అప్పుడు శరభయ్యగారు విడుదల కాగితాలు తీశారు. వాళ్ళ పద్ధతి ప్రకారం, విడుదలయ్యే మనిషి చెయ్యి తీసుకెళ్ళేవాడి చేతిలో పెట్టి ఒక వాక్యం చదవాలి. మొదట బూరెమ్మ చెయ్యి పట్టుకుని అల్లుడి చేతిలో పెట్టారు. "ఇంతవరకు మా సంరక్షణలో చిన్న గీత కూడా పడకుండా చూచుకొంటిమి. ఇకమీదట క్షేమభారము మీది" అని చదివారు. మా అక్క బావురుమంది. అప్పగింతలప్పుడు తను అనాలని వారం నుంచీ అనుకుంటున్న మాట సరిగ్గా అదే. తర్వాత బావ చెయ్యి, అక్క చెయ్యి, మాస్టారి చెయ్యి, నా చెయ్యీ వరసగా ఆ కుర్రాడి చేతిలో పెట్టారు. పెళ్ళయిన పావుగంటకి ఇంత సంసారం చేతికొచ్చిన పెళ్ళికొడుకుని నేను చూడలేదు.

అందరూ బయటికి నడిచారు. నేను ఖాళీ గంప తీసుకుందామని వెనక్కి వచ్చాను. శరభయ్యగారు బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుస్తున్నారు. ఒక చక్కెరకేళి పండు ఆయన ముందు పెట్టాను. తోసెయ్యలేదు.

"మొన్న ఫాల్గుణంలో మా అమ్మాయిని ఇచ్చామండీ" అన్నారు. రూలు భాష ఎటుపోయిందో తెలీదు. "అరగంటలో ఖాయం చేసేశాం. ఇందాక మీ బావగారిని అడిగినవేవీ నేను అడగలేదు."

ఏ ఊరిచ్చారని అడిగాను. అమలాపురం అన్నారు. ఎలా ఉందన్నాను. క్షేమంగానే ఉన్నానంటుంది ఫోనులో, అంతకంటే మాట్లాడదు, అల్లుడు ఇప్పుడే రావద్దంటున్నాడు అన్నారు. వెళ్ళి చూసి రాకపోయారా అన్నాను. ఆయన పండు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఆ ఊరు నాకు కొత్తండీ. నన్ను తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. అమ్మాయి అక్కడికి వెళ్ళి ఇంకా ఏడాది కాలేదు."

నాకు పొద్దుటి నుంచీ వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, అప్పుడొచ్చింది ఒక ఎత్తు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. మీ వియ్యంకుడి పేరేమిటన్నాను. చెప్పారు. వాళ్ళావిడది ఏ ఊరన్నాను. ముక్కామల అన్నారు. ముక్కామలలో ఎవరమ్మాయి? ఆయన చెప్పిన పేరు విని నాకు నవ్వొచ్చింది. ఆవిడ తోడబుట్టినవాడు మా గెలల మార్కెట్టులోనే కాటా వేస్తాడు, మా తోడల్లుడికి మేనత్త కొడుకు. లెక్క కట్టి చూస్తే శరభయ్యగారు నాకు బావగారి వరస. బంధుత్వం ధ్రువపడింది, ఆరు నెలలు అక్కర్లేదు, నేను పుట్టింది ఆ నేల మీదే గనక ఏడాదీ నిండింది అని ఆయన రూలు ఆయనకే అప్పజెప్పాను. ఎల్లుండి అమలాపురం బస్సెక్కి రావులపాలెంలో దిగండి, నేను తీసుకెళ్తాను, దారిలో మిమ్మల్ని ఎవరూ కాపాడకుండా చూసే పూచీ నాది అన్నాను.

ఆయన పండు ఒలుచుకుని తిన్నారు.

చెప్పిన రోజుకి బస్సు దిగేసరికి ఆయన చొక్కా ఇస్త్రీ నలిగిపోయి ఉంది. నేను ముందే వెళ్ళి స్టాండులో నిలబడ్డాను. వరసకి ఆ అమ్మాయికి మేనమామని కదా, ఎందుకైనా మంచిదని గంప కూడా పట్టుకెళ్ళాను.